నా ఆటలకూ పోర్ట్ పెట్టుకోనివ్వండి

వేసవి సెలవులకు మా మేనల్లుడు విజయవాడ నుంచి వచ్చాడు. తొమ్మిది పాసై పదిలోకి వెళ్తున్నాడు. వచ్చిన రోజు సాయంత్రమే నా కంప్యూటర్ ముందు కూర్చుని, నా దగ్గర ఏమేం ఆటలున్నాయో లెక్కపెట్టే పని పెట్టుకున్నాడు. కాసేపటికి కేక వేశాడు.

"మామయ్యా, సబ్‌నాటికా నీకు రెండు చోట్ల ఉందేంటి?"

వెళ్లి చూశాను. నిజమే, ఎపిక్‌లో ఒకటి, స్టీమ్‌లో ఒకటి. రెండూ ఇంటర్నెట్‌లో కంప్యూటర్ ఆటలు అమ్మే కొట్లు. ఎపిక్ వాళ్లు 2018 డిసెంబరులో ఆటల కొట్టు తెరిచినప్పుడు మొట్టమొదట ఊరికే ఇచ్చిన ఆట అది. అప్పుడే తీసిపెట్టుకున్నాను. తర్వాత ఎప్పుడో స్టీమ్‌లో సేల్ వచ్చింది, ధర తగ్గింది, కొనేశాను. ఊరికే వచ్చిన వస్తువు ఇంట్లో ఉండగా, డబ్బులిచ్చి మళ్లీ అదే వస్తువు తెచ్చుకున్నాను.

"మరి మళ్లీ ఎందుకు కొన్నావు?"

"అన్నీ ఒకేచోట ఉంటాయని."

ఫ్రిజ్‌లో పెరుగు ఉండగా నేను ఇంకో ప్యాకెట్ తెచ్చినప్పుడు మా ఆవిడ ఒక చూపు చూస్తుంది. వాడూ అచ్చం అదే చూపు చూశాడు.

ఆ పూట నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆటల కొట్ల మధ్య పోటీ గురించి ఏళ్లుగా స్నేహితులతో వాదించినవాణ్ణి. స్టీమ్ వైపు నిలబడి గొంతు చించుకున్నవాణ్ణి. ఎంచి చూస్తే నాది అభిమానం కాదు. ఏళ్లుగా కొన్నదంతా ఒకరి గోడౌన్‌లో పెట్టినవాడికి, ఆ గోడౌన్ వదిలి వెళ్లలేక పుట్టే భక్తి. దానికి నేను అభిమానం అని పేరు పెట్టుకున్నాను.

ఇప్పటి కుర్రాళ్లకు చెప్తే నమ్మరు. స్టీమ్‌ను జనం మొదట్లో అసహ్యించుకున్నారు. వాల్వ్ కంపెనీ దాన్ని 2003 సెప్టెంబరులో వదిలింది. అప్పటికి అది ప్రధానంగా ఆటలకు అప్‌డేట్లు అందించే సాఫ్ట్‌వేర్. 2004లో కౌంటర్‌స్ట్రైక్‌లాంటి ఆటలు నడిచే పాత ఆన్‌లైన్ వ్యవస్థను మూసేసి, ఆడాలంటే స్టీమ్ పెట్టుకోక తప్పదన్నారు. అదే ఏడాది నవంబరులో హాఫ్‌లైఫ్ 2 వచ్చింది. షాపులో డబ్బులిచ్చి డిస్క్ కొన్నవాడు కూడా ఇంటికెళ్లి స్టీమ్‌లో ఖాతా తెరిచి, ఇంటర్నెట్‌లో అనుమతి తెచ్చుకుంటేనే ఆట తెరుచుకునేది. విడుదలైన రోజు సర్వర్ల మీద జనం విరుచుకుపడ్డారు, చాలామంది డిస్క్ చేతిలో పెట్టుకుని ఎదురుచూశారు. డబ్బులిచ్చి కొన్న వస్తువు వాడుకోవడానికి మీ పర్మిషన్ ఎందుకని తిట్టిపోశారు.

ఆ గొడవ మనదాకా రాలేదు. అప్పట్లో నేను ఆడింది హైదరాబాద్‌లో మా హాస్టల్ వెనక నెట్ సెంటర్‌లో, గంటకు ఇంత అని. పన్నెండు కంప్యూటర్లు, అన్నింట్లోనూ క్రాక్ కాపీలు. డబ్బులిచ్చి ఆట కొనేవాళ్లు ఉంటారని కూడా మాకు తెలీదు. పైరసీ అనేది ముఖ్యంగా ధర సమస్య కాదు, సేవ సమస్య అని వాల్వ్ అధిపతి గేబ్ న్యూయెల్ తర్వాత రోజుల్లో వాదించాడు. సగమే ఒప్పుకుంటాను. మా విషయంలో అది ధర సమస్యే. రూపాయల్లో ధరలు, నెట్‌బ్యాంకింగ్, ఏడాదికి రెండు పెద్ద సేళ్లు వచ్చాకే నాలాంటివాళ్లు దొంగ కాపీలు మానేశారు. స్టీమ్ 2015 నవంబరులో రూపాయి ధరలు పెట్టింది. నా ఖాతాలో ఆటల చిట్టా చూస్తే ఆ నెల ముందు పదో పన్నెండో ఉంటాయి, ఆ తర్వాత వరదే.

అలా అలవాటైన కొట్టు మీదకు ఎపిక్ వచ్చింది. తన ఫోర్ట్‌నైట్ ఆటతో డబ్బు మూటలు కట్టుకుని మరీ వచ్చింది. ప్రతి అమ్మకంలో స్టీమ్ తీసుకునే వాటా 30 శాతం (పెద్ద కంపెనీలు దాటిపోతాయేమోనని 2018 చివర్లో కోటి డాలర్ల అమ్మకం దాటితే 25, అయిదు కోట్లు దాటితే 20 అని తగ్గించారు, చిన్నవాడికి మాత్రం 30 అలాగే ఉంది). మేం 12 శాతమే తీసుకుంటామని ఎపిక్ అంది. అప్పటి లెక్కన వెయ్యి రూపాయల ఆట అమ్ముడైతే పన్నుల మాట పక్కనపెట్టి స్టీమ్ మూడొందలు ఉంచుకునేది, ఎపిక్ నూట ఇరవై. ఆట చేసినవాడికి ఇది చిన్న తేడా కాదు.

మరి కొనేవాడికి? అక్కడా వెయ్యే, ఇక్కడా వెయ్యే. నూట ఎనభై రూపాయలు ఒక కంపెనీ జేబులోంచి ఇంకో కంపెనీ జేబులోకి మారాయి. మంచిదే, ఆట చేసినవాడికి పోతే సంతోషమే. కానీ "మీ వీధి కిరాణా కొట్టు మానేసి మా దగ్గరకు రండి, పప్పు పండించిన రైతుకు ఎక్కువిస్తాం" అంటే ఎంతమంది వస్తారు? నాలుగు రోజులు వస్తారు. అయిదో రోజు వాన పడితే మళ్లీ పాత కొట్టుకే.

అది ఎపిక్‌కూ తెలుసు. అందుకే ఆటల్ని కట్టిపడేసింది. మెట్రో ఎక్సోడస్ 2019 ఫిబ్రవరి 15న రావాలి. స్టీమ్‌లో ముందస్తు కొనుగోళ్లు జరుగుతూ ఉన్నాయి. ఇంకో రెండున్నర వారాలుందనగా, ఏడాదిపాటు ఎపిక్‌లోనే అమ్ముతామని ప్రకటన వచ్చింది. ఫీనిక్స్ పాయింట్ అనే ఆటకైతే జనం ముందే చందాలిచ్చారు, స్టీమ్‌లోనూ, గాగ్ అనే ఇంకో కొట్టులోనూ ఇస్తామన్న మాట మీద. అదీ ఏడాదిపాటు ఎపిక్‌కు పోయింది. కావాలంటే డబ్బు వాపసు తీసుకోండన్నారు. బోర్డర్‌ల్యాండ్స్ 3 ఆరు నెలలు. ఆ ఒక్క ఆట ఒప్పందం విలువే 14.6 కోట్ల డాలర్లని తర్వాత యాపిల్‌తో ఎపిక్ కోర్టు గొడవలో బయటపడింది.

ఆటగాళ్లకు ఒళ్లు మండింది. ఆ కోపంలో న్యాయం ఉంది. పెళ్లి భోజనానికి పిలిచి, విస్తరి వేసి, వడ్డించే ముందు "పక్క హాలుకు మారండి" అన్నట్టు ఉంది మెట్రో సంగతి. కానీ తర్వాత జరిగింది చూస్తే సిగ్గేస్తుంది. ఊబ్లెట్స్ అనే ముచ్చటైన చిన్న ఆట చేసింది ఒక జంట. మేమూ ఎపిక్‌కే ఇస్తున్నాం అని 2019లో కాస్త వెటకారంగా రాశారు. దానికి వాళ్లకు వేలకొద్దీ బూతులు, బెదిరింపులు వచ్చాయి. ఇద్దరు మనుషులు తమ బతుకుతెరువుకు భరోసా దొరికిందని ఒప్పందం చేసుకుంటే, చంపుతామని రాయడానికి మనకేం హక్కు? ఆ రోజుల్లో నేను బూతులు రాయలేదు. కానీ ఎపిక్‌ను తిట్టే ప్రతి మాటకూ చప్పట్లు కొట్టాను. అది మాత్రం ఒప్పుకోవాలి.

తిట్టడానికి వాళ్లు సరుకు కూడా బాగానే ఇచ్చారు లెండి. కొట్టు తెరిచిన మూడేళ్లకు గానీ, 2021 డిసెంబరుకు గానీ, అందులో షాపింగ్ కార్ట్ రాలేదు. అప్పటిదాకా ఏ ఆటకు ఆ ఆట విడిగా డబ్బు కట్టాలి. మా వీధి చివర కిరాణా కొట్టులో కూడా గడప పక్కన రెండు ప్లాస్టిక్ బుట్టలుంటాయండీ!

ఇక ఊరికే ఇచ్చే ఆటలు. గురువారం రాత్రి మనకు వేసవిలో ఎనిమిదిన్నరకు, చలికాలంలో తొమ్మిదిన్నరకు కొత్త ఆట పడుతుంది. అన్నం తింటూ ఎడమచేత్తో ఫోన్ తీసి, నొక్కి, "తీసుకున్నావా?" అని గ్రూపులో ఒక మాట పడేసే తతంగం మాలో చాలామందికి ఏళ్లుగా ఉంది. అదే కోర్టు కాగితాల్లో ఇంకో లెక్క బయటికొచ్చింది. మొదటి తొమ్మిది నెలల్లో 38 ఆటలకు ఎపిక్ ఖర్చుపెట్టింది 1.16 కోట్ల డాలర్లు, వచ్చిన కొత్త ఖాతాలు 50 లక్షలు. భాగిస్తే తలకు 2 డాలర్ల 32 సెంట్లు. అప్పటి మారకంలో నా ఖరీదు నూట అరవై రూపాయలన్నమాట. ఇంకాస్త పలుకుతాననుకున్నాను.

ఆ నూట అరవైకి వాళ్లకేం గిట్టింది? 2024 లెక్కల ప్రకారం కంప్యూటర్ మీద ఎపిక్ ఖాతాలు 29.5 కోట్లు. ఆ ఏడాది ఆ కొట్టులో ఆటగాళ్లు ఖర్చుపెట్టింది 109 కోట్ల డాలర్లు, కానీ ఎపిక్ సొంత ఆటలు తీసేసి బయటివాళ్ల ఆటల మీద పెట్టింది 25.5 కోట్లే, అదీ ముందు ఏడాదికంటే తగ్గి. అంటే జనం వస్తున్నారు, ప్రసాదం పెట్టించుకుంటున్నారు, హుండీ వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోతున్నారు. అటు స్టీమ్‌లో 2025 మార్చిలో ఒకే సమయంలో 4 కోట్ల మందికి పైగా ఉన్నారు.

దీన్ని చూపించి మా స్నేహితులు "చూశావా, బాగున్న కొట్టే గెలిచింది" అంటారు. స్టీమ్ బాగుందన్న మాట నిజం. రివ్యూలు, ఆటగాళ్లు ఆటలకు చేసిన మార్పులు (మాడ్‌లు), విండోస్ ఆటలను లినక్స్ మీద కూడా నడిపించే ప్రోటాన్, ఇవన్నీ ఒక్కరోజులో వచ్చినవి కావు. కానీ ఎపిక్ రేపు వీటన్నింటినీ తెచ్చినా నేను వెళ్తానా? వెళ్లను. నాలుగొందల పైచిలుకు ఆటలు ఇక్కడున్నాయి. సేవ్ ఫైళ్లు ఇక్కడున్నాయి. స్నేహితుల జాబితా ఇక్కడుంది. కొత్త కొట్టు ఎంత బాగున్నా సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఎదుటివాడు పరుగు మొదలెట్టేసరికే పదిహేనేళ్ల దూరం ముందున్నవాడితో పందెం ఇది.

పోటీ వల్ల ఆటగాడికి ఏమీ రాదనడం లేదు. ఒకసారి వచ్చింది, కానీ ఆ పుణ్యం ఎవరిదో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు స్టీమ్‌లో ఆట నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల ఆట దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి వస్తుంది. ఇది 2015 జూన్ నుంచి. అంతకుముందు రెండేళ్ల క్రితమే, 2013లో, ఈఏ అనే ఆటల కంపెనీ తన ఆరిజిన్ కొట్టులో సొంత ఆటలకు వాపసు గ్యారంటీ పెట్టింది. అదే ఏడాది చివర గాగ్ కూడా ఒకటి పెట్టింది. 2014లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఈ వాపసు సంగతి మీదే వాల్వ్‌ను కోర్టుకు లాగింది, 2016లో 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. ఆటగాళ్ల నోట్లో తిట్టుగా మారిన ఈఏ చేసిన పనిని, స్టీమ్ కన్నా ముందు చేసిన పనిని, ఎవడూ తలుచుకోడు. ఆ రోజుల్లో నేను ఆరిజిన్ అంటేనే మూతి ముడిచేవాణ్ణి.

ఆరిజిన్‌కోసం ఈఏ స్టీమ్‌ను వదిలింది, 2019లో తిరిగొచ్చింది. యూబీసాఫ్ట్ అనే ఇంకో ఆటల కంపెనీ 2019లో వెళ్లి 2022లో వచ్చింది. బెథెస్డా కంపెనీ తన సొంత కొట్టునే మూసేసింది. ఆటగాళ్లు కబుర్లాడుకునే యాప్ డిస్కార్డ్ 2018లో ఆటల కొట్టు పెట్టి, చేసినవాళ్లకు 90 శాతం ఇస్తామని కూడా చెప్పి, ఏడాది తిరిగేసరికి సర్దుకుంది. ఇంతమంది తలబాదుకున్నారంటే అక్కడ తలుపు లేదనేగా.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. పేరు చెప్పను, ఒక కొట్టులో నాకు పద్నాలుగు ఆటలుండేవి. ఆ ఖాతాకు ఇచ్చింది నా పాత మొబైల్ నంబరు. లాక్‌డౌన్‌లో ఆ సిమ్ రీచార్జి చేయడం మర్చిపోయాను, కొన్నాళ్లకు నంబరు ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత ఒకరోజు లాగిన్ అవబోతే ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్‌కు పోతుంది. సపోర్ట్‌కు రాస్తే మొదటి ఆట కొన్న రసీదు పంపమన్నారు. తొమ్మిదేళ్ల కిందటి రసీదు! అప్పటి ఈమెయిల్ కూడా లేదు. మూడు వారాలు ఉత్తరాలు రాసి వదిలేశాను. ఆ పద్నాలుగు ఆటలు ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటాయి, అద్దం వెనక మిఠాయిల్లా.

ఆ సిమ్ గోలలోనే నాకు బుర్రలో వెలిగింది. నేను ఆ పాత నంబరును ఎందుకు అంతకాలం ఉంచుకున్నాను? బ్యాంకుకు, ఎల్ఐసీకి, చుట్టాలకు అదే ఇచ్చాను కాబట్టి. 2011 జనవరికి ముందు దాదాపు దేశమంతా ఇదే పరిస్థితి. ఇంట్లో సిగ్నల్ లేకపోయినా, బిల్లు తప్పులొచ్చినా, నంబరు పోతుందని అదే నెట్‌వర్క్‌ను పట్టుకు వేలాడేవాళ్లం. ఆ నెల 20న నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం దేశమంతటా వచ్చింది. పోర్ట్ అని టైపు చేసి 1900కి మెసేజ్, 19 రూపాయల రుసుం. అంతే. "పోర్ట్ పెట్టేస్తా" అన్న మాట తెలుగు మాటైపోయింది. పోర్ట్ పెట్టనివాళ్లకు కూడా లాభమే. "సార్, ఏం ఇబ్బంది, ఉండండి, ఆఫర్ ఇస్తాం" అని కస్టమర్ కేర్‌వాళ్లు బతిమాలడం మొదలైంది అప్పుడే.

ఆటల కొట్లలో పోటీ అంటే నాకు కావాల్సింది ఇది. వారానికో ఊరికే ఆట కాదు, 12 శాతం కాదు. ఒక్కసారి కొన్న ఆటను, ఆ ఆట అమ్మే ఏ కొట్టుకైనా తీసుకెళ్లనివ్వాలి.

అయ్యే పనేనా అంటారు. 2016లో గాగ్ ఇలాంటిదే చేసి చూపించింది. గాగ్ కనెక్ట్ అని, మీ స్టీమ్ ఖాతా కలిపితే, ఒప్పుకున్న కొన్ని ఆటలను గాగ్‌లో కూడా ఊరికే ఇచ్చేవాళ్లు. ఆటల జాబితా చిన్నది, తర్వాత ఆగిపోయింది. అయినా నడిచింది. సినిమాల్లో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికాలో మూవీస్ ఎనీవేర్ అని 2017 నుంచి ఉంది. యాపిల్ దగ్గర కొన్న సినిమా అమెజాన్‌లో కూడా కనిపిస్తుంది, పెద్ద స్టూడియోలు చాలావరకు ఒప్పుకున్నాయి. పోటీ కంపెనీలే ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఆటలకు ఎందుకు కుదరదు?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. వంద జీబీ ఆటను నేను కొత్త కొట్టుకు తెచ్చుకుంటే, పైసా రాని కొట్టు ఆ డౌన్‌లోడ్ ఖర్చు ఎందుకు భరించాలి? నా జవాబు: ఊరికే ఆటలు పంచడానికి కోట్ల డాలర్లు పోసినవాళ్లకు ఇది భారం కాదు. నన్ను కొట్టులోకి రప్పించడానికి నూట అరవై రూపాయలు పెట్టారుగా, నా సామానుతో సహా రప్పించడానికి పెట్టండి. పోనీ, నంబరుకు 19 రూపాయలు కట్టినట్టు ఆటకు ఇంతని కట్టమంటే కడతాను. అసలు చిక్కు వేరే. నంబరు పోర్టబిలిటీ కంపెనీల మంచితనంతో రాలేదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది కాబట్టి వచ్చింది. ఆటలకు అలా చెప్పే నాథుడు ఇంతవరకు లేడు. కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది, 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. మీరు కొంటున్నది వస్తువు కాదు, లైసెన్సు మాత్రమే అని కొనేటప్పుడే చెప్పాలట. అది అమల్లోకి రాకముందే స్టీమ్ ఆ వాక్యాన్ని డబ్బు కట్టే పేజీలో పెట్టేసింది. నిజం చెప్పించారు, సంతోషం. నిజం మారలేదు.

"స్టీమ్ బాగానే ఉందిగా, ఇప్పుడు ఎందుకీ గోల?" అని మా వాడొకడు అంటాడు. బాగుంది, ఎందుకంటే అది షేర్ మార్కెట్‌కు వెళ్లని ప్రైవేటు కంపెనీ, పైన గేబ్ న్యూయెల్ ఉన్నాడు. ఆయన 1962లో పుట్టాడు. ఆయన తర్వాత ఎవరు వస్తారో, ఎవరికి అమ్ముతారో నాకు ఓటు లేదు. పైగా నా ఖాతాను మా అమ్మాయికి వీలునామాలో రాద్దామన్నా కుదరదు. స్టీమ్ సపోర్ట్ ఒకరికి ఆ మాటే చెప్పింది, ఖాతా ఇంకొకరి పేర చేయబోమని.

అందుకే ఈమధ్య పాత ఆటలు కొంటే గాగ్‌లో కొంటున్నాను. 2008లో పోలండ్‌లో మొదలైన ఆ కొట్టు తాళం లేని ఆటలమ్ముతుంది. ఇన్‌స్టాలర్ దింపుకుని దాచుకుంటే గాగ్ మూతపడినా ఆట నాదే. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్ కొని, దాని మీద తెల్ల స్టిక్కర్ అంటించి "ఆటలు – చెరపకూడదు" అని రాశాను. మా ఆవిడ దాని కింద పెన్సిల్‌తో "పెళ్లి ఫొటోలకంటే ముఖ్యమా?" అని రాసింది. సౌకర్యమైతే లేదు. పెద్ద ఆట నాలుగేసి జీబీల ముక్కలుగా వస్తుంది, అప్‌డేట్ వస్తే మళ్లీ మనమే దింపుకుని దాచుకోవాలి, కొత్త పెద్ద ఆటలు చాలావరకు అక్కడికి రావు.

ఇదంతా మా మేనల్లుడికి ఒక రాత్రి డాబా మీద చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఫోన్ పోర్టబిలిటీ వచ్చేనాటికి వాడు పుట్టనే లేదు.

"సరే మామయ్యా, రేపు పొద్దున నిజంగానే ఆటలకు పోర్ట్ ఇచ్చారనుకో. నువ్వు ఎటునుంచి ఎటు పెడతావు?"

ఆలోచించాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఎపిక్‌లో ఊరికే వచ్చినవన్నీ స్టీమ్‌కి తెచ్చేసుకుంటాను."

"అందరూ అంతేగా?"

"చాలామంది అంతే."

"అప్పుడు స్టీమ్ ఇంకా పెద్దదైపోదూ?"

అవుతుంది. ఫోన్లలోనూ అదే జరిగింది. పోర్ట్ వచ్చిననాడు పదికి పైగా కంపెనీలుండేవి, ఇప్పుడు ప్రైవేటులో మిగిలినవి మూడు. పోర్టబిలిటీ ఒక్కటే దానికి కారణం కాదని నాకు తెలుసు. వాడికి చెప్పాను కూడా. వాడు "ఊఁ" అని, ఫోన్ తీసి టైమ్ చూశాడు. గురువారం. ఎనిమిదీ ఇరవై ఎనిమిది.

"కిందకి పద మామయ్యా, రెండు నిమిషాలే ఉంది."